డైరెక్టరుగారి సామాను

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా విమానాశ్రయం సరుకుల విభాగంలో రోళ్ళు లేవు కాబట్టి, ఆ ఏడాది ఎండకి పగలడానికి ఆఫీసర్ల బుర్రలే దొరికాయని గిట్టనివాళ్ళు అంటారు. నేనలా అనను. నేనక్కడ క్లియరింగ్ ఏజెంటుని. అంటే, విమానంలో సరుకు పంపుకునేవాళ్ళ తరఫున కాగితాలు పట్టుకుని కౌంటరు నుంచి కౌంటరుకి తిరిగే ప్రాణిని. రేపు మళ్ళీ అదే కౌంటరు ముందు నిలబడాల్సినవాణ్ణి. అందుకని జరిగింది జరిగినట్టు, ఎవరినీ ఒక్క మాట అనకుండా చెబుతాను.

మాది సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి నుంచి చేపలు, రొయ్యలు, పీతలు విమానమెక్కి దేశాలు పోతుంటాయి. ఎండ తగిలితే మనిషికి చెమట పడుతుంది, చేపకి కంపు పుడుతుంది. అందుకని సరుకుల విభాగంలో ఒక శీతల గది కట్టారు. లోపల ఎప్పుడూ రెండు డిగ్రీలు. వ్యాను దిగిన పెట్టె ఆ గదిలోకి, గదిలోంచి విమానంలోకి, అంతే. మధ్యలో ఎండ మొహం చూడకూడదు. దీన్ని ఈ వ్యాపారంలో శీతల శృంఖల అంటారు. చల్లదనపు గొలుసన్నమాట. ఎక్కడా తెగకూడదు. అన్నేళ్ళూ అది తెగలేదు. ఎందుకు తెగలేదంటే, దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

అలాంటి వేళ శీతల సరుకు విభాగం డైరెక్టరు పరాంకుశంగారిని ఏదో చలిదేశానికి శిక్షణకి పంపారు. పరాంకుశంగారు మంచి మనిషి. ఒకరి జోలికి పోరు. ఫైళ్ళ జోలికి అసలే పోరు. కానీ కొందరికి వంకాయ పడనట్టు కొందరికి శిక్షణ పడదు. తిరిగి వచ్చిన మర్నాడే ఆయన వ్యాన్ల దగ్గరికి వచ్చి నిలబడి, కళాసీలు చేపల పెట్టెలు మోస్తుంటే కాసేపు తదేకంగా చూసి, ఉన్నట్టుండి ఒక కళాసీ చెయ్యి పట్టుకున్నారు. వాడు ఏం తప్పు చేశానో అని బిక్కచచ్చిపోయాడు. ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి వాడి గుప్పిట్లో పెట్టి, కాసేపాగి చూసి, మా అందరికీ వినపడేలా ప్రకటించారు.

"ముప్పది ఏడు డిగ్రీలు. రెండు డిగ్రీల సరుకును ముప్పది ఏడు డిగ్రీల హస్తముతో స్పృశించుచున్నాము. ఇది శృంఖల కాదు. ఇది అగ్నిప్రవేశము."

పాపం, ఆ కళాసీ వెంటనే చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేసింది. దాని పేరు సమ ఉష్ణోగ్రతా విధానము. శీతల సరుకును స్పృశించు ప్రతి సిబ్బందియు, స్పృశించుటకు పూర్వము, సదరు సరుకుతో సమానమైన చల్లదనమును పొంది యుండవలెననియు, అందులకు గాను శీతల గదిని వినియోగించుకొనవలెననియు దాని సారాంశం. మా దగ్గర ఏ సర్క్యులర్ వచ్చినా ముందు యూనియన్ అభ్యంతరం చెబుతుంది, తరవాత చదువుతుంది. ఈసారి ఆ ఆచారం తప్పింది. బయట తారు కరిగి చెప్పులు అంటుకుపోతున్నాయి. నోటీసు బోర్డు మీద జిగురు ఆరకముందే కళాసీలందరూ శీతల గదిలో ఉన్నారు.

అక్కడితో ఆగితే నేనీ కథ చెప్పేవాణ్ణి కాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. స్పృశించుట అంటే ఏమిటన్న ప్రశ్న పుట్టింది. ప్రశ్న పుట్టాక కమిటీ పుట్టడం ప్రకృతి ధర్మం. కమిటీ ఏం తేల్చిందంటే, పెట్టెని ముట్టుకునేది కళాసీయే గానీ, కళాసీకి కాగితం ఇచ్చేది గుమస్తా. గుమస్తా చేతి వేడి కాగితానికి, కాగితం వేడి కళాసీకి, కళాసీ వేడి చేపకి. కాబట్టి గుమస్తాలూ లోపలికే. గుమస్తాకి ఫైలిచ్చేది హెడ్ గుమస్తా. ఆయనా లోపలికే. సూపరింటెండెంటు దేన్నీ ముట్టుకోడు, ఊరికే చూస్తాడు. ఆయన సంగతేమిటని అడిగితే, దృష్టి కూడ ఒక విధమగు స్పర్శయే అని డైరెక్టరుగారు తీర్పిచ్చారు. అంతే, సూపరింటెండెంటు సంచీ సర్దుకుని నవ్వుకుంటూ లోపలికి నడిచాడు.

వీళ్ళందరికీ టీ ఇచ్చే క్యాంటీను మనిషి వేడి టీ తెస్తే గొలుసు తెగుతుంది. అందుకని అతన్నీ, అతని స్టవ్వునీ, టీనీ లోపల పెట్టారు. గ్యాసు మాత్రం వెలిగించకూడదు. రెండు డిగ్రీల టీని అందరూ ఊదుకుంటూ తాగేవారు, అలవాటు కొద్దీ.

చూస్తుండగానే శీతల గదిలోకి కుర్చీలొచ్చాయి, బల్లలొచ్చాయి, బీరువాలొచ్చాయి, క్యారమ్ బోర్డు వచ్చింది, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వచ్చింది. ఎవరో టేబుల్ ఫ్యాను కూడా తెచ్చి పెట్టుకున్నారు. ఆఖరికి డైరెక్టరుగారే తన తిరిగే కుర్చీ మోయించుకుని వచ్చేశారు. నాయకత్వము లోపలి నుండియే జరుగవలెనని ఆయన అభిప్రాయం. ఇక ఆ గదిలో లేనిది ఒక్కటే. చేప.

చేప పట్టడానికి చోటేదీ? నా పాత ఖాతాదారు ఒకాయన రొయ్యల పెట్టెలు బయట ఎండలో, టార్పాలిన్ కింద, దిక్కులేని శవాల్లా పడి ఉన్నాయి. నేను లోపలికి వెళ్ళి, శృంఖల తెగిపోతోంది మహాప్రభో అని మొరపెట్టుకున్నాను. డైరెక్టరుగారు నన్ను జాలిగా చూశారు.

"సరుకు బయట ఉన్నందువలన సరుకు ఉష్ణోగ్రత పెరుగునేమో గాని, శృంఖల ఎట్లు తెగును? శృంఖల లోపల ఉన్నది కదా," అన్నారు. అన్నట్టే చుట్టూ చూపించారు. నిజమే. గుమస్తా పక్కన గుమస్తా, కళాసీ పక్కన కళాసీ, ఎక్కడా సందు లేకుండా గొలుసులాగే కూర్చుని ఉన్నారు. రొయ్యల ఆసామి ఆ పెట్టెల్ని ఊరవతల గొయ్యి తీసి పూడ్చి, ఇక విమానం పేరెత్తనని దండం పెట్టి పోయాడు.

వారం తిరక్కుండా రెండు డిగ్రీల ప్రభావం కనపడింది. ఒకరి తరవాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. రోహిణీ కార్తెలో, పిట్టలు సొమ్మసిల్లి పడిపోతున్న ఎండలో, మా ఊరి బజార్లో మంకీ క్యాపులు అయిపోయాయి. జండూబాము వాసన గది దాటి రన్‌వే దాకా వచ్చేది. అయినా ఒక్కడూ బయటికి రాలేదు. బయటికొస్తే వేడెక్కిపోతారు, మళ్ళీ మొదటినుంచి చల్లబడాలి. అప్పుడు యూనియన్ నాయకుడు గుంపస్వామి రంగంలోకి దిగాడు. శ్రామికుడి ముక్కు కారుతుంటే యాజమాన్యం చూస్తూ ఊరుకోవడం తగదన్నాడు. గదిలోనే చర్చలు జరిగాయి, గదిలోనే ఒప్పందం కుదిరింది. శీతల గదిని ఇరవై నాలుగు డిగ్రీలకి మార్చారు.

మరి సమ ఉష్ణోగ్రతా విధానం మాటేమిటని మీరడుగుతారు. దానికి భంగం రాలేదు. సిబ్బందీ సరుకూ సమానంగా ఉండాలన్నారు గానీ ఎంత దగ్గర సమానంగా ఉండాలో ఎవరూ అనలేదు. ఇకనుంచి శీతల సరుకు అంటే ఇరవై నాలుగు డిగ్రీల సరుకు అని కొత్త సర్క్యులర్ అంటించారు. మంకీ క్యాపులు తీసేశారు. డైరెక్టరుగారు మాత్రం తీయలేదు. విధానానికి అది గుర్తుగా ఉంటుందని ఉంచుకున్నారు. ఈ విధానం కబురు ఎలాగో దేశం దాటింది. దీని మీద ప్రసంగించమని సింగపూర్‌లో ఏదో సదస్సు వాళ్ళు ఆయన్ని పిలిచారు.

సరిగ్గా ఈ సంబరంలోకి నూకరత్నం వచ్చింది.

మైలపల్లి నూకరత్నం రేవు దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళకి పెద్ద. నోరున్న మనిషి. అంతకాలమూ వాళ్ళ మగవాళ్ళు పట్టుకొచ్చిన చేపంతా రేవులో ఒక షావుకారుకే పోయేది. ఆయన చెప్పిందే ధర, ఆయన చూసిందే తూకం. ఆ ఏడు ఆడవాళ్ళందరూ సంఘం కట్టి, ఆయనకి చేపలమ్మడం మానేసి, సింగపూర్‌లో ఒక పెద్ద హోటలుతో నా ద్వారా మాట్లాడుకున్నారు. కోనేలు పంపాలి. మిగతా జిల్లాల వాళ్ళు వంజరం అంటారే, అదే మా దగ్గర కోనెం. హోటలు వాళ్ళు ఒకటే మాట చెప్పారు. మా దగ్గర పెద్ద విందు ఉంది, దానికి పంపండి, చేప పొట్టలో థర్మామీటరు పెట్టి చూస్తాం, చల్లగా ఉంటే ఏడాది పొడుగునా నెలనెలా మీ దగ్గరే కొంటాం, వేడెక్కిందా, మీ రేవు పేరు మళ్ళీ మా దగ్గర ఎత్తకండి అన్నారు. ఇది తెలిసి షావుకారు రేవులో నలుగురి ముందూ మీసం మీద చెయ్యేసి, ఈ ఆడాళ్ళ కోనేలు ఇమానమెక్కితే మీసం తీసేత్తానన్నాడు. ఎక్కకపోతే మళ్ళీ తన గుమ్మం ముందు గంపలు దించుకుని నిలబడాల్సిందేనని కూడా అన్నాడు.

ఇదంతా జరిగింది విధానం పుట్టకముందు. నేను ఆవిడకి మాటిచ్చేశాను, ఏం ఫరవాలేదమ్మా, శీతల గది ఉంది కదా అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముచ్చెమటలు పడతాయి.

ఆవేళ పొద్దున్నే వ్యాను వచ్చింది. తెల్లటి థర్మోకోల్ పెట్టెలు, నిండా ఐసు, ఐసులో వెండి కడ్డీల్లా కోనేలు. సింగపూర్ విమానం సాయంత్రం. కాగితాలన్నీ చేయించేశాను, తనిఖీలన్నీ అయిపోయాయి, పెట్టెలకి లేబుళ్ళు అంటించేశాను. ఇక విమానం వచ్చేదాకా వాటిని చల్లగా దాచుకోవడమే మిగిలింది. నూకరత్నం శీతల గది తలుపు తీసి లోపలికి చూసి, మళ్ళీ మూసి, నా వైపు తిరిగింది.

"ఏటి బాబూ, సేపల గదిలో మనుసులున్నారేటి?"

రూలమ్మా అన్నాను. మరి సేపలెక్కడుండాలని అడిగింది. దానికి రూలు లేదన్నాను. ఆవిడ పమిట నడుముకి దోపుకుని లోపలికి నడిచింది. వెనకే నేను.

లోపల హాయిగా ఉంది, అబద్ధమాడను. ఒక మూల క్యారమ్స్ జరుగుతున్నాయి. డైరెక్టరుగారు మంకీ క్యాపు పెట్టుకుని సాయంత్రం అదే విమానంలో ప్రయాణానికి ప్రసంగం దిద్దుకుంటున్నారు. నూకరత్నం చేతులు జోడించి, మీ దయ బాబూ, ఓ మూల మా పెట్టెలెట్టుకోనీయండి, మా ఆడోళ్ళ బతుకు ఈటి మీదుంది అని మర్యాదగానే అడిగింది. ఆయన కూడా మర్యాదగానే మీ సరుకెంత చల్లగా ఉందమ్మా అని అడిగారు. రెండు డిగ్రీలు సార్ అని నేను గర్వంగా చెప్పాను. ఆయన మొహం ముడుచుకుంది.

"ఈ గది ఇరవది నాలుగు డిగ్రీలు. రెండు డిగ్రీల సరుకును ఇందు ప్రవేశపెట్టుట విధానమునకు విరుద్ధము. సరుకును ఇరవది నాలుగు డిగ్రీలకు తెచ్చిన పిమ్మట స్వీకరించెదము."

"అంటే, సేపని ఎచ్చబెట్టి తెమ్మంటారా?" అంది నూకరత్నం.

"సమానము చేసి తెమ్మందును."

"అలగెచ్చబెడితే దాన్ని సేపంటారేటి బాబూ? పెంటంటారు."

డైరెక్టరుగారు నొచ్చుకోలేదు. పదజాలము విషయమై పిదప కమిటీ వేయుదమని చెప్పి ప్రసంగంలో పడ్డారు.

బయటికొచ్చాం. నిప్పులు చెరుగుతోంది ఎండ. టార్పాలిన్ నీడలో పెట్టెల అడుగునుంచి సన్నగా నీళ్ళు కారడం మొదలైంది. నూకరత్నం ఆ నీళ్ళకేసి చూసి వరండా మెట్టు మీద కూలబడిపోయింది. నన్ను తిట్టినా బాగుండేది. రేపు ఆ షావుకారు గుమ్మం ముందు వీళ్ళు నిలబడితే అందులో నా పాపం సగం.

కాసేపటికి నూకరత్నం తల తిప్పి తన పాదాలకేసి చూసుకుంది. "ఈ గాలెక్కడిది బాబూ? సల్లగా తగుల్తంది," అంది.

ఆ మెట్టు వెనకాల డైరెక్టరుగారి గది. తలుపు కింద సందులోంచి మంచుగాలి తన్నుకొస్తోంది. తలుపు ముందు స్టూలు మీద బంట్రోతు దాలినాయుడు చెవులకి మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. మొత్తం ఆఫీసులో శీతల గదికి వెళ్ళనివాడు అతనొక్కడే. అతను దేన్నీ ముట్టుకోడని కమిటీ సర్వీసు రికార్డు చూసి నిర్ధారించింది. లోపల ఏసీ ఎవరికోసం నడుస్తోందని అడిగాను. దాలినాయుడు వివరంగా చెప్పాడు. సార్ వెళ్ళేటప్పుడు అది పదహారు మీద ఉంది. ఆర్పే రిమోటు సార్ జేబులో ఉంది. సార్ శీతల గదిలో ఉన్నారు. కాబట్టి అది నడుస్తోంది.

అంటే మా విమానాశ్రయంలో శీతల గదికన్నా చల్లటి గది ఒకటి ఉంది, అది ఖాళీగా ఉంది.

నేను దాలినాయుణ్ణి బతిమాలాను. అతను కదల్లేదు. సార్ గదిలోకి సరుకు పోనివ్వడం పద్ధతి కాదన్నాడు. మరెవరిని పోనిస్తావని అడిగితే, సార్‌ని కలవడానికి వచ్చినవాళ్ళని లోపల కూర్చోబెట్టాలని రూలుందన్నాడు. సార్ ఎప్పుడొస్తారన్నది మాత్రం రూల్లో లేదట.

నూకరత్నం లేచి నిలబడింది. "ఇయ్యన్నీ సార్ని కలవడానికే వొచ్చినాయి నాయినా," అంది.

దాలినాయుడు పెట్టెలకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు, చాలాసేపు ఆలోచించాడు. అతని ఉద్యోగంలో మూడు ప్రశ్నలున్నాయి. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏం పని. మూడూ అడిగాడు. కోనేలు, రేవు నుంచి, సింగపూర్ ప్రయాణం గురించి అని చెప్పాం. మూడింటికీ జవాబులొచ్చాయి కనక అతనికింక అభ్యంతరం లేకపోయింది. తలుపు తీశాడు. కొన్ని పెట్టెల్ని సోఫాలో కూర్చోబెట్టాడు, కొన్నిటిని సందర్శకుల కుర్చీల్లో. సార్ తిరిగే కుర్చీ శీతల గదికి వెళ్ళిపోయింది గనక, బల్ల వెనక ఖాళీ చోట్లో అన్నిటికన్నా పెద్ద పెట్టె పెట్టాం. నేమ్ ప్లేటు దాని ముందు అమిరింది. ఐసు కరగడం నెమ్మదించింది. నూకరత్నం మొహంలోకి నెత్తురు తిరిగింది.

మధ్యాహ్నమంతా అలా గడిచింది. ఇద్దరు ముగ్గురు కాగితాలు పట్టుకుని డైరెక్టరుగారి కోసం వచ్చారు. దాలినాయుడు తలుపు ఓరగా తీసి, లోపల చాలామంది ఉన్నారు, రేపు రండన్నాడు. వాళ్ళూ తొంగి చూసి, నిజమేననుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం విమానం వచ్చి నిలబడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదీ అప్పుడు గుర్తొచ్చింది. పెట్టెలు మోసేదెవరు? నేను పరుగెత్తికెళ్ళి గుంపస్వామి కాళ్ళావేళ్ళా పడ్డాను. అతను సానుభూతి చూపించాడు గానీ, తన కళాసీలు ఇరవై నాలుగు డిగ్రీల వాళ్ళనీ, రెండు డిగ్రీల చేపని ముట్టుకుంటే ఒప్పందం చెల్లకుండా పోతుందనీ, ఆ తరవాత ముక్కులు కారితే తనని అడగొద్దనీ అన్నాడు. మేమే మోసుకుంటామంటే బయటివాళ్ళని విమానం దగ్గరికి రానివ్వరు. తిరిగి వరండాలోకొస్తే, అద్దంలోంచి విమానం కనపడుతోంది, దాని పొట్ట తలుపు తెరిచి ఉంది, మా చేప ఇక్కడుంది. నూకరత్నం గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఊళ్ళోని అమ్మవారినెవరినో పిలుస్తోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు దాలినాయుడి స్టూలు పక్కన ఫోను మోగింది. శీతల గదిలోంచి డైరెక్టరుగారు. తాను అక్కణ్ణుంచి అటే, చల్లదనము చెడకుండా, నేరుగా విమానమునకు వెళ్ళుచున్నారట. గదిలోని తన సామానును విమానములో పెట్టించమన్నారు.

దాలినాయుడు ఫోను పెట్టేసి తలుపు తీసి లోపలికి చూశాడు. నాకేసి చూడలేదు. నేను చెప్పమనీ చెప్పలేదు. సార్ గదిలో ఉన్నది సార్ సామానే కదా అని తనలో తానే అనుకుని, ఫోను మళ్ళీ ఎత్తి గుంపస్వామికి ఒకే మాట చెప్పాడు.

"సార్ సామాను."

అంతే. కళాసీలు పరుగెత్తుకొచ్చారు. ఎంత చల్లగా ఉందని ఎవడూ అడగలేదు. తన చెయ్యెంత వేడిగా ఉందని ఎవడూ చూసుకోలేదు. అన్నేళ్ళ నా ఉద్యోగంలో చేపల పెట్టెలు అంత గౌరవంగా, ఒక్క కుదుపు లేకుండా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు వెళ్ళడం చూడలేదు. ముందు ఎక్కించారు, దిగేటప్పుడు ముందు దిగేలా తలుపు పక్కనే సర్దారు. గుంపస్వామి స్వయంగా దగ్గరుండి, మెల్లగా, మెల్లగా అంటున్నాడు. ఆఖర్న గది మూల ఒక చిన్న సూట్‌కేసు మిగిలింది. ఇదెవరిదని అడిగాడు. దాలినాయుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టెలన్నిటికీ ఎర్రటి లేబుళ్ళున్నాయి, జాగ్రత్త, తలకిందులు చేయరాదు అని. దీనికి ఏ లేబులూ లేదు. లేబుల్లేనిది సార్‌దెలా అవుతుందని దాన్ని అక్కడే ఉంచేశాడు.

విమానం లేచింది. నూకరత్నం అది చుక్కంత అయ్యేదాకా చూసి, ఇంక రేవుకెల్తాను బాబూ అని వెళ్ళిపోయింది.

మర్నాడు హోటలు వాళ్ళ ఫోను కోసం నేను అన్నం కూడా సరిగా తినలేదు. పెట్టెల మీద చిరునామా ఉంది, అక్కడివాళ్ళకి చదవడం వచ్చు కాబట్టి సరుకు సరిగ్గానే చేరింది. వంటాయన పెద్ద కోనెం పొట్టలో థర్మామీటరు పెట్టాడట. రెండు డిగ్రీలు. ఇంత బాగా వచ్చిన చేపని ఈ మధ్య చూడలేదన్నాడు. ఏడాది ఒప్పందం ఖాయం చేశారు. నేను రేవుకి పరుగెత్తి చెబితే నూకరత్నం పమిటతో మొహం తుడుచుకుని, పక్కనున్న ఆడవాళ్ళని ఏటలగ సూత్తన్నారు, గంపలెత్తండని కసిరింది. షావుకారు మీసం తీసేశాడో లేదో నేను చూడలేదు. మూతికి తువ్వాలు కట్టుకుని తిరుగుతున్నాడని మాత్రం విన్నాను.

నాలుగు రోజులకి పరాంకుశంగారు తిరిగొచ్చారు. శీతల గదిలోనే సన్మాన సభ. ఏజెంట్లని కూడా పిలిచారు. సూట్‌కేసు అందక ఆయన మంకీ క్యాపుతోనూ స్వెట్టరుతోనూ ప్రసంగించాల్సి వచ్చిందట. ఆ నిబద్ధత చూసి సభంతా లేచి నిలబడిందట. అది చెప్పి, గొంతు తగ్గించి, మరొక సంగతి చెప్పారు.

"సదస్సు జరిగిన హోటలులోనే విందు. అందు ఒక చేపను వడ్డించిరి. నేనట్టి చేపను జన్మలో భుజించి యుండలేదు. ఏమి తాజాదనము. సిబ్బంది సోదరులారా, ఆ దేశపు సముద్రములో అట్టి చేపలున్నవి. మన సముద్రములో ఎందుకు లేవు?"

అందరూ సిగ్గుతో తలలు వంచుకున్నారు. ఆ చేప రహస్యమును కనుగొని వచ్చుటకు డైరెక్టరుగారే నెలకొకసారి సింగపూర్ వెళ్ళి అధ్యయనము చేయవలెనని గుంపస్వామి ప్రతిపాదించాడు. చప్పట్లతో తీర్మానమైంది. నేను తలుపు దగ్గర నిలబడి, నోటిదాకా వచ్చిన మాటని నాలుక కరుచుకుని ఆపుకున్నాను. దాలినాయుడు గుమ్మం అవతల స్టూలు మీద, దేన్నీ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

ఉండబట్టలేక ఆ సాయంత్రం రేవుకి వెళ్ళి నూకరత్నానికంతా చెప్పాను. చెబుతుంటే నాకే ఒళ్ళు మండిపోయింది. ఇంత అన్యాయం ఉంటుందా, రేపే ఆయన గదికి వెళ్ళి ఆ చేప మీ రేవుదే, ఈ ఆడవాళ్ళు పంపిందేనని మొహం మీద చెప్పి వస్తానన్నాను. నూకరత్నం చేప పొట్ట చీలుస్తున్న కత్తి ఆపి, నాకేసి చూసింది.

"ఒద్దు బాబూ, సెప్పకండి. మనదని తెలిస్తే సాలువా కప్పుతాడు, దండేత్తాడు. అయ్యాక మన సేపల్ని పట్టించుకోడం మొదలెడతాడు. ఇన్నాళ్ళూ పట్టించుకోనేదు గనకే అయి బతికి బట్టకట్టినాయి."

మళ్ళీ చేప మీదికి వంగి, కత్తి ఆడిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"ఆయన మళ్ళీ ఎప్పుడెల్తాడో అది కనుక్కోండి. పెట్టెలు కట్టుకోవాల."